చెదలు తినేసిన ముఖం

మా తమ్ముణ్ని చెదలు తిన్నాయి. పాదాల దగ్గర మొదలుపెట్టి, తొందరేమీ లేకుండా నడుము, ఛాతీ, భుజాలు ముగించి, ముఖాన్ని మాత్రం చివరాఖరుకు మిఠాయిలా దాచుకుని మరీ తిన్నాయి. నేరేడ్‌మెట్‌లో మా ఇంటి సజ్జ మీద ఈ విందు సాగినన్నాళ్లూ నేను సరిగ్గా దాని కిందే మంచం వేసుకుని, వస్తువులు భద్రపరచడంలో జంటనగరాల్లో నన్ను మించినవాడు పుట్టలేదన్న ధీమాతో గురక పెట్టాను.

తిన్నది ఫొటోల్లోని తమ్ముణ్నే అనుకోండి. అసలు మనిషి అంతకు చాలా ఏళ్ల ముందే, ముప్పై ఒకటో ఏట, కామెర్లొచ్చి పదకొండు రోజుల్లో పోయాడు. నేను వాడికంటే మూడేళ్లు పెద్ద. వాడు పోయేనాటికి వాడి కూతురికి ఐదేళ్లు.

ఆ తర్వాత రెండేళ్లకు మా మరదలు, అంటే వాడి భార్య, పిల్లను తీసుకుని యాప్రాల్‌లో ఒక రేకుల గదికి మారింది. వానొస్తే ఆ గదిలో గొడుగు వేసుకుని కూర్చునేవాళ్లు. బయటికొచ్చాక గొడుగు ముడిచేవాళ్లు, ఎందుకంటే బయటే తక్కువ కురిసేది. "ఆల్బం నాకియ్యమ్మా. ఈడుంటే తడుస్తది. నా సజ్జ మీదుంటే వందేండ్లుంటది" అని అడిగి, ఆమె వద్దన్నా వినకుండా తెచ్చుకున్నవాణ్ని నేనే. పెళ్లి ఫొటోలు, ఆ తర్వాతి ఆరేళ్ల ఫొటోలు, నెగెటివ్‌ల కవరు, అన్నీ అందులోనే. గోడకు తగిలించిన పటాన్ని కూడా, పిల్ల దాంతో మాట్లాడుతూ అన్నం తినడం మానేస్తోందని ఆమె ఎప్పుడో దించేసింది. దాన్నీ ఆల్బంతో కలిపి పట్టుచీర కొంగులో మూటగట్టి ఇచ్చింది. మా చెదలు ముందు పట్టు తిన్నాయి. వాటికి మర్యాద తెలుసు, భోజనానికి ముందు విస్తరి.

ఏడేళ్ల కిందట మా ఆవిడ కూలర్ గడ్డి కోసం సజ్జ ఎక్కి, చేతుల్లో మట్టి ఇటుక లాంటిదేదో పట్టుకుని దిగింది. అది ఆల్బం అని గుర్తుపట్టడానికి మాకు ఒక కప్పు చాయ్ తాగేంత సేపు పట్టింది. పేజీ తిప్పితే పేజీ రాదు, పొడి వస్తుంది. ఒకే ఒక్క చోట తమ్ముడి ఎడమ చెయ్యి మిగిలింది, మణికట్టు దాకా. గడియారంలో పదీ పది. ఆ చెయ్యి వెనక మనిషి లేడు, సన్నని మట్టి సొరంగాలు తప్ప.

"ఇగో, ఇప్పుడే పోయి చెప్పుండ్రి," అంది మా ఆవిడ.

"రేపు చెప్త," అన్నాను.

ఆ రేపు ఏడేళ్లు నడిచింది. అంత పొడుగు రేపును మీరెక్కడా చూసి ఉండరు.

ఈ మధ్య తమ్ముడి కూతురికి పెళ్లి కుదిరింది. మా వైపు పెళ్లి పనులు మొదలుపెట్టే ముందు పెద్దలకు పెట్టుకుంటాం. ఇంట్లో పోయినవాళ్ల పటాలు పీట మీద పెట్టి, వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, కొత్త బట్టలు పెట్టి, "ఇంట్ల శుభకార్యం ఉన్నది, చూడుండ్రి" అని చెప్పుకోవడం. చెప్పుకోకుండా చేసిన పెళ్లి మా లెక్కలో సగం పెళ్లే. ఏటా పెత్రమాసకు, అంటే పితృ అమావాస్యకు, మరదలు తమ్ముడి పేరు మీద బియ్యం ఇచ్చి, మాకింత భోజనం పెట్టి ఊరుకునేది, దానికి పటం అక్కర్లేదు. ఇప్పుడు కావాలి.

"బావా," అంది ఫోన్లో, "ఆల్బంల నుంచి మంచిదొకటి తీసి పెద్దగ చేపిద్దాం. నవ్వేది వద్దు, ఆయన నవ్వితే కండ్లు కనవడవు. పెద్దలకు పెట్టనీకి ఇంక నలభై రోజులున్నది. ఈసారొచ్చినప్పుడు తెచ్చియ్యుండ్రి."

"తెస్తనమ్మా," అన్నాను. నా గొంతు ఎక్కడో పాతాళంలోంచి, అద్దెకు తెచ్చుకున్నట్టు వచ్చింది.

ముందు చుట్టాల ఇళ్ల మీద పడ్డాను. ఏదో వంక చెప్పి ఎనిమిది కుటుంబాల పెళ్లి ఆల్బంలు తిరగేశాను. మా తమ్ముడికి ఒక రోగం ఉండేది. ఎవరింట పెళ్లయినా బకెట్ పట్టుకుని వడ్డనకు దిగేవాడు. ఆ ఎనిమిది ఆల్బంలలోనూ ఉన్నాడు, ఎనిమిదింట్లోనూ వంగి ఉన్నాడు. మా తమ్ముడి నడినెత్తిన సుడి ఎటు తిరుగుతుందో ఈ రోజు అడగండి, కళ్లు మూసుకుని చెప్తాను. ముఖం మాత్రం సాంబారు బకెట్‌లోకి చూస్తూ ఉండిపోయింది. మరదలి పుట్టింటివాళ్ల దగ్గర ఉండే ఉంటాయి, కానీ వాళ్లను అడిగితే సాయంత్రానికల్లా నా గుట్టు యాప్రాల్ చేరుతుంది. పెళ్లి ఫొటోలు తీసిన స్టూడియో ఎప్పుడో సెల్‌ఫోన్ కవర్ల దుకాణం అయిపోయింది.

చివరికి మా నాన్న ట్రంకు పెట్టెలో ఒక పాత బస్ పాస్ దొరికింది. పదిహేడేళ్ల తమ్ముడు, బొటనవేలి గోరంత ఫొటో. దాని మీద ఏ మహానుభావుడో భీముడి గదలాంటి చెయ్యెత్తి ఊదారంగు ముద్ర గుద్దాడు. ఎడమ కన్ను నుంచి పెదవి చివరి దాకా గుండ్రటి అక్షరాలు. ముద్ర వెనక నుంచి ఒక కన్ను, ఒక చెవి, జైలు కిటికీలోంచి చూసినట్టు నన్ను చూశాయి.

ఆఫీసులో ఒక కుర్ర సహోద్యోగి ఆ ఫొటోను ఫోన్లో పెట్టి, ఏదో యాప్‌తో ముద్ర చెరిపి, వయసు పెంచి ఇచ్చాడు. అబ్బ, ఏం అందగాడు. కోటు, గుబురు గడ్డం, వెనకాల సముద్రం. మా వంశంలో ఏడు తరాలుగా అలాంటి దవడ ఎవరికీ లేదు. ఇంటికి తెచ్చి మా ఆవిడకు చూపించాను.

"ఎవరిది ఈ సంబంధం? పిల్లగాడు మంచిగున్నడు," అంది.

ఆ రోజే నిశ్చయించుకున్నాను, నేనే గీస్తానని. నాకు యాభై మూడేళ్లు. అప్పటిదాకా నేను గీసినదల్లా సంతకం. అది కూడా బ్యాంకువాళ్లు రెండుసార్లు తిరగ్గొట్టారు.

గురువు కోసం వెతకలేదని కాదు. సైనిక్‌పురిలో ఒక డ్రాయింగ్ క్లాసు గేటు దాకా వెళ్లాను. లోపల ఆరేడేళ్ల పిల్లలు ఏనుగులకు రంగులు వేస్తున్నారు. టీచరమ్మ నన్ను చూసి "ఎవరి పేరెంట్ సార్ మీరు?" అంది. పోయినవాడి ముఖం గీయడం నేర్చుకోవాలి మేడమ్ అని ఆ ఏనుగుల మధ్య ఎలా చెప్పను. అడ్రసు తప్పొచ్చానని చెప్పి వచ్చేశాను. అదీకాక గురువన్నవాడు మొదట అడిగేది ఎవర్ని గీస్తున్నావని. ఆ ఒక్క ప్రశ్న నుంచే కదా నేను ఏడేళ్లుగా పారిపోతున్నది.

ఫోన్లో వీడియోలు చూడొచ్చుగా అంటారు. చూశాను. అన్నీ ఒకటే. "ముందు ఒక సున్నా గీయండి" అంటాడు. రెప్ప వేసి తెరిచేసరికి సున్నా స్థానంలో ఒక అమ్మాయి, చెంప మీద కన్నీటి చుక్క, అందులో కిటికీ ప్రతిబింబం. సున్నాకు, కన్నీటికి మధ్య ఏం జరిగిందో ఈ భూప్రపంచంలో ఎవడూ చెప్పడు.

స్టేషనరీ దుకాణంలో డ్రాయింగ్ బుక్, పెన్సిళ్లు అడిగితే, "ఏ క్లాస్ సార్ పాప?" అన్నాడు షాపతను. "మూడు" అన్నాను. "మూడుకి హెచ్‌బీ చాలు" అని ఇచ్చాడు. అలా మూడో తరగతిలో చేరాను.

మొదటి వారం నేను గీసిన ప్రతి ముఖంలోనూ కళ్లు నెత్తి మీద ఉండేవి, నుదురన్నదే లేకుండా. అలాంటి మనుషులు ఇరవై ముప్పై మంది పోగయ్యారు. అందరూ ఏదో చెప్పబోయి మర్చిపోయినట్టు నావైపే చూసేవాళ్లు. లోపం ఎక్కడుందో తెలియక దర్జీ టేపుతో నా తల కొలుచుకున్నాను. నమ్మకం కుదరక, మధ్యాహ్నం కునుకు తీస్తున్న మా ఆవిడ తల కూడా స్టీలు స్కేలుతో కొలిచాను. ఆమె కళ్లు తెరవకుండానే, "శవపెట్టెకా?" అంది. అప్పుడు కనిపెట్టాను: కళ్లు తల పైభాగంలో ఉండవు, సరిగ్గా సగంలో ఉంటాయి. ఈ సత్యం కనుక్కున్న మొదటి మానవుణ్ని నేనే అన్నంత గర్వంగా వీధిలోకి వెళ్లి, పాలవాడి ముఖాన్ని పావుగంట చూశాను. అవును, సగంలోనే ఉన్నాయి. ఇన్నేళ్లుగా అక్కడే ఉన్నాయి, నేను చూడలేదు.

రబ్బరుతో తుడిస్తే కాగితానికి చిల్లు పడేది. తమ్ముడి ఎడమ కన్ను ఉన్నచోట నాలుగుసార్లు అలా చిల్లు పడి, కింది పేజీలోంచి ఇంకెవరిదో పెదవి కనిపించింది. ఉపాయం ఆలోచించి చపాతీ పిండి ముద్దతో ఒత్తి తుడిచాను. బ్రహ్మాండంగా తుడిచింది. మర్నాడు పొద్దున డ్రాయింగ్ బుక్ తెరిస్తే చీమలు. పిండి అంటిన చోటల్లా, అంటే తమ్ముడి కనుబొమ, ముక్కు, నోరు, ఎక్కడ తుడిచి మళ్లీ గీశానో అక్కడల్లా, వరసలు కట్టి. కాసేపు విదిలించడానికి కూడా చెయ్యి రాలేదు. వాడి కోసం ఇంకా వస్తూనే ఉన్నాయి అనిపించింది.

చేతికి అలవాటు కావాలని మనుషుల్ని చూసి గీయడం మొదలుపెట్టాను. నేరేడ్‌మెట్ చౌరస్తాలో చాయ్ బండి దగ్గర కూర్చునేవాణ్ని. సైనిక్‌పురి పార్కులో రిటైరైన ఫౌజీలు వాకింగ్‌కు వస్తారు. వాకింగని పేరేగాని ఒక్కొక్కరూ సరిహద్దు దాటుతున్నట్టే నడుస్తారు. వాళ్లలో ఒక పెద్దాయన నేను గీస్తున్నానని పసిగట్టి, వచ్చి ఎదురుగా అటెన్షన్‌లో నిలబడ్డాడు. పది నిమిషాలు ఊపిరి కూడా పీల్చలేదని ప్రమాణం చేసి చెప్తాను. అయ్యాక చూపించాను.

"ఏందయ్యా ఇది, నా మీసం ఏది?"

"తర్వాత పెడదామని సార్."

"మీసం తర్వాత పెట్టేదైతే మనిషిని సుత తర్వాతనే పెట్టు," అని మళ్లీ చూశాడు. "ఈ చెవి నాది కాదు. ఎవని చెవి తెచ్చి పెట్టినవ్ నాకు?"

చూస్తే నిజమే. బస్ పాస్‌లో ముద్ర పక్కన తప్పించుకున్న చెవి అది. కింది తమ్మె బుగ్గకు అతుక్కుని ఉంటుంది.

ఇంటికొచ్చి పేజీలన్నీ తిరగేశాను. చాయ్ బండివాడి పై పెదవి తమ్ముడిది. కూరగాయలమ్మే ఆవిడకు తమ్ముడి కనుబొమలు, ఆమె నుదుటి బొట్టుకు అటూ ఇటూ. బస్‌స్టాపులో కునికిపాట్లు పడే కండక్టర్‌కు వాడి మెడ. ఎవర్ని గీసినా ఏదో ఒక ముక్క నాకు తెలియకుండా నా వేళ్లలోంచి దిగిపోయింది. వాడు సికింద్రాబాద్ నిండా ముక్కలు ముక్కలుగా తిరుగుతున్నట్టుంది. ఆ తర్వాత బయటికి వెళ్లాలంటేనే జంకు పుట్టింది. ఏ కూడలిలో ఎవరి ముఖంలోంచి తొంగిచూస్తాడో తెలియదు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్తూ, "ఆ బుక్కు బోర్లా పెట్టుండ్రి. అందరూ ఒక్కతీరుగ చూస్తున్నరు," అనేది.

పదిహేను రోజులు మిగిలాయి. ముక్కలన్నీ ఉన్నాయి కదా, ఒకచోట చేరిస్తే మనిషవుతాడనుకున్నాను. ఆ చెవి, ఆ పెదవి, ఆ కనుబొమలు, ఆ మెడ. సందేహం వచ్చినచోట అద్దంలో చూసుకుని, అన్నదమ్ములమే కదా అని, నా ముఖం నుంచి కాస్త అప్పు తెచ్చుకున్నాను. మూడు రోజులు గీసి మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె చేతిలో పప్పు గరిటె ఉంది. అలాగే పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది మీరే."

"సరిగ్గా చూడు."

"సరిగ్గనే చూస్తున్న. మీ దినానికి మీరే తయారు చేసుకున్నట్టున్నది. దీన్ని పెద్దల కాడ పెడ్తే బతికున్నోనికి పెట్టినట్టయితది. ముందు అవతల పెట్టుండ్రి దాన్ని." ఆమె గొంతులో ఎగతాళి లేదు. గరిటె నుంచి పప్పు చుక్క నేల మీద పడింది, తుడవలేదు కూడా. "ఇంక అయినకాడికి చాలు. పోయి చెప్పుండ్రి."

"రేపు," అన్నాను. అలవాటైన మాట.

అద్దం ముందుకు వెళ్లి నిలబడ్డాను. వాడు పోయినప్పుడు ముప్పై ఒకటి. నేను వాణ్ని దాటేసి ఎంత దూరం వచ్చేశానంటే, ఇప్పుడు వాడెదురైతే "ఎవరు తాతా నువ్వు" అంటాడేమో. వాడి ముఖం నాలో ఎక్కడుంటుంది. అయినా కాగితం మీద వాణ్ని నేనే తొలగించి, ఖాళీ అయిన చోట కూర్చున్నట్టయింది. ఒకసారి చెదలకిచ్చాను, రెండోసారి నేనే తిన్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున, మా ఆవిడ కూరగాయలకు వెళ్లినప్పుడు, తమ్ముడి కూతురు వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"అమ్మ పంపింది. ఆల్బం ఇస్తవా పెద్దనాన్నా, లేకపోతే నేనే సజ్జ ఎక్కాల్నా?"

"అది ఇక్కడ లేదురా. పెద్దగ చేయించుదామని స్టూడియోల ఇచ్చిన."

"ఏ స్టూడియో?"

"అదే, మన పాతది."

"అది బంద్ అయ్యి పదేండ్లయింది. బంద్ అయిన స్టూడియోల ఇచ్చినవా?"

ఆమె నవ్వుతూ బల్ల మీది డ్రాయింగ్ బుక్ అందుకుని తెరిచింది. ఆఖరి పేజీలో నేను. "ఇదెవరు, నువ్వా? పూలదండొక్కటే తక్కువున్నది. ఏమైంది పెద్దనాన్నా, తబియత్ మంచిగున్నదా?"

ఏడేళ్లుగా ఎన్ని రకాలుగా చెప్పాలో నాటకంలా అభ్యాసం చేశాను. ఒక రకంలో వరద వస్తుంది. ఒక రకంలో దొంగలు పడతారు. ఒక రకంలో నేను ఆల్బం కోసం మంటల్లోకి దూకుతాను. తీరా ఆ సమయానికి నోట్లోంచి మూడే మాటలు వచ్చాయి.

"ఆల్బం చెదలు తిన్నయి."

"మొత్తమా?"

"మొత్తం."

"నెగెటివ్‌లు?"

"అవి ముందే తిన్నయి. పటం సుత."

ఆమె కుర్చీలో కూర్చుంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. డ్రాయింగ్ బుక్ మొదటి నుంచి ఒక్కో పేజీ తిప్పింది. నుదురు లేనివాళ్లను, మీసం లేని ఫౌజీని, చీమలు తిరిగిన ముఖాన్ని, అందర్నీ చూసింది.

"ఇవన్నీ నాన్న కోసమేనా?"

తలూపాను.

"ఒకటి చెప్త. అమ్మకు చెప్పకు," అంది. "ఆల్బం ఉన్నా నాకేం పనికిరాకపోతుండె. ఫొటో చూపిచ్చినా వేరే ఎవరో అన్నట్టే చూస్తుంటి. నాకు నాన్న ముఖం యాదిలేదు. స్కూటర్ మీద ముంగట నిలబెట్టుకుంటుండె కదా నన్ను. పైకి చూస్తే గదవ కనవడుతుండె. కిందికెల్లి. అదొక్కటే యాదికున్నది. నాన్నంటే నాకు గదవనే."

గదవంటే గడ్డం. నేను యాభై రకాల ముక్కులు గీశాను, ఎదురుగా, పక్కనుంచి, ముప్పాతిక ముఖంగా. కింద నుంచి మనిషిని చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు. అన్నను కదా. తమ్ముణ్ని అన్న ఎప్పుడూ పైనుంచే చూస్తాడు.

"ఎట్లుండేదో చెప్పు, గీస్తా," అన్నాను.

చెప్పడం ఆమెకు రాలేదు. గాల్లో చేత్తో ఏదో ఆకారం చేసి, కాదని తుడిచేసింది. చివరికి లేచి, వంటింట్లోంచి ముక్కాలి పీట తెచ్చి దాని మీద నిలబడింది. మూలనున్న చీపురును అడ్డంగా రెండు చేతులతో పట్టుకుంది, హ్యాండిల్ లాగా.

"నువ్వు కింద కూసో. ఇంకా ముంగటికి. నా చేతుల నడుమకు రా. ఇప్పుడు పైకి చూడు. గట్లనే కనవడేది, గా కోణం."

నేను నా శరీరాన్ని నేల మీదికి దించడం ఒక క్రేన్ పని. మోకాళ్లు రెండూ టపాకాయల్లా పేలాయి. ఎలాగో చీపురు కిందికి చేరి, ఒడిలో డ్రాయింగ్ బుక్ పెట్టుకుని, ఐదేళ్ల పిల్ల ఎత్తుకు తగ్గి, పైకి చూశాను.

ఆమె ఎటో దూరంగా, రోడ్డు చూస్తున్నట్టు చూస్తోంది. కింద నుంచి గడ్డం, దాని వెనక దవడ వంపు, రెండు ముక్కుపుటాలు, వాటి పైన కొద్దిగా కనురెప్పల అంచు. అది వాడే. ముక్కలు కాదు, మొత్తంగా వాడు, మా ఇంట్లో, ఉదయం తొమ్మిదింటికి, పీటెక్కి నిలబడి ఉన్నాడు. ఆమెతో చెప్పలేదు. చెప్తే నవ్వుతుంది, నవ్వితే పోతాడు.

"ఎంతసేపు పెద్దనాన్నా? చేతులు గుంజుతున్నయి."

"కదలకు."

నా జీవితంలో మొదటిసారి రబ్బరు ముట్టకుండా గీశాను. అయ్యాక ఆమె దిగి, నా భుజం మీదుగా వంగి చూసింది. తర్వాత గోటితో గడ్డం కింద ఒకచోట తాకింది.

"గిక్కడ ఒక గీత ఉండె. అడ్డంగ. తెల్లగ."

ఆ గీత నాకు తెలుసు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, గాలిపటం మాంజా కోసం, వాణ్ని డాబా మెట్ల మీద నుంచి నెట్టాను. గడ్డం పగిలింది. రెండు కుట్లు పడ్డాయి. వాడి ముఖమంతా వెతుకుతూ నెల రోజులు తిరిగినవాణ్ని, నేను పెట్టిన గీతను మాత్రం మర్చిపోయాను. ఆమె చూపించిన చోట దాన్ని మళ్లీ పెట్టాను.

"అమ్మకు నువ్వే చెప్పాలె," అంది ఆమె. "ఇయ్యాలనే. నేను బండి తీస్త, కూసో."

యాప్రాల్‌లో ఇప్పుడు మరదలిది స్లాబు ఇల్లే, రెండు గదులు. ముందు గదిలో కుట్టు మిషను. జాకెట్లు కుడుతూనే ఇల్లు నడుపుకొచ్చింది. మేం వెళ్లేసరికి తెల్ల చొక్కా ఒకటి కుడుతోంది. నేను గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేశాను. నేను చెప్తున్నంతసేపూ ఆమె కాలు మిషను తొక్కుతూనే ఉంది. చెదలు అన్నప్పుడు కూడా ఆగలేదు. ఏడేళ్లు అన్నప్పుడు ఆగింది.

"ఏడేండ్లు," అంది. "ఏడు పెత్రమాసలకు వచ్చిన్రు బావా మీరు. ఇదే పీట మీద కూసోని తిని పోయిన్రు. ఆల్బం మంచిగున్నదా అని అడిగిన ప్రతిసారి మంచిగున్నదన్నరు. పోయినేడు సుత అన్నరు, గారెలు ఇంకో రెండు వేయించుకొని."

గారెలు రెండు కాదు, నాలుగు. దిద్దే ధైర్యం లేకపోయింది.

కూతురు కాగితం ఆమె ఒడిలో పెట్టింది. మరదలు కళ్లద్దాలు సరిచేసుకుని చూసింది. ఏమనుకుందో ముఖంలో కనిపించలేదు. బొటనవేలితో ఆ గీతను ఒకసారి రాసింది, పెన్సిల్ కొద్దిగా చెదిరింది.

"రెండు కుట్లు," అంది. "ఇది ఎట్ల అయ్యిందని పెండ్లయిన కొత్తల ఎన్నిసార్లు అడిగిన్నో. పడ్డ అనేటోడు. ఎట్ల పడ్డవంటే, ఊకెనే పడ్డ అనేటోడు."

"నేనే నూకిన," అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. "ఇంకేమన్న ఉన్నయా బావా, చెప్పేటివి? ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి. మిషను మళ్ల షురూ చేస్తే ఇనవడదు."

లేవన్నాను. ఆమె కాగితాన్ని బట్టల కిందకి పోకుండా పక్కన పెట్టి, మళ్లీ చొక్కా అందుకుంది. "ఇది ఆయనకే. పెద్దల కాడ పెట్టనీకి. ఛాతీ ముప్పై ఆరు, భుజం పదహారున్నర, చెయ్యి ఇరవై మూడు. కొలతలు ఏ ఆల్బంల రాసిపెట్టుకోలే," అంది. ఆ తర్వాత మిషను శబ్దం మొదలైంది.

పెద్దలకు పెట్టే రోజు మా అమ్మా నాన్నల పటాల పక్కన తమ్ముడి బొమ్మ పెట్టారు, అద్దం కట్టించి. పుట్టింటి నుంచి ఫొటో తెప్పిస్తానని మరదలన్నా, ఈ బొమ్మే ఉండాలని కూతురు పట్టుబట్టింది. మరదలికి ఒక చిక్కు వచ్చింది. "మిగతా ఇద్దరు ఆకు దిక్కు చూస్తున్నరు. ఈయనేమో ఎటో చూస్తున్నడు. పెట్టినయి ఎట్ల కనవడుతయి ఈయనకు?" కూతురు ఆలోచించి, బొమ్మను పీట మీంచి తీసి, పైన బీరువా మీద నిలబెట్టింది. కింద కూర్చుని చూస్తే అప్పుడు సరిపోయింది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మటన్ కూర, గారెలు, అన్నం పెట్టారు. చొక్కా, పంచె పెట్టారు. పెద్దల ముందు పెట్టిన బట్టలు ఊరికే ఉంచకూడదు, ఆ ఇంటి మగవాడెవరైనా వేసుకుని భోజనానికి కూర్చోవాలి. ఆ ఇంట్లో మగవాళ్లు లేరు. మరదలు ఆ చొక్కా తీసి, నావైపు చూడకుండా, నా చేతుల్లో పెట్టింది.

ముప్పై ఆరు ఛాతీ చొక్కాలోకి నా నలభై నాలుగు దూరడం ఎలాంటిదో వర్ణించడానికి నాకు అబద్ధాలు కూడా చాలవు. చేతులు ఎలాగో దూరాయి, మోచేతులు మళ్లీ వంగలేదు. పొట్ట దగ్గర గుండీకి, కాజాకు మధ్య ఒక జిల్లా పట్టేంత దూరం. ఒక్క మెడ గుండీ మాత్రం పట్టింది. నేనే పెట్టుకున్నాను, గట్టిగా, ఊపిరి బిగపట్టి.

విప్పమని ఎవరూ అనలేదు. విస్తరి ముందు కూర్చున్నాను. మరదలు వచ్చి అన్నం వడ్డించింది. గారెలు నాలుగు వేసింది, లెక్కపెట్టి, నాకు వినిపించేలా. ఇంకో మాట లేదు. ఆ రోజే కాదు, పెళ్లయిపోయే దాకా కూడా లేదు.

"నాన్నా, పిల్లగాడు మంచోడే," అని తమ్ముడి కూతురు మెల్లగా చెప్పుకుంటోంది, పైకి చూస్తూ. అందరూ పైకి చూశారు. నేనూ చూడబోయాను. కాలర్ గొంతుకు పట్టేసి తల లేవలేదు. అలాగే అన్నం వైపు చూస్తూ, మోచెయ్యి వంగని చేత్తో కలుపుకుంటూ కూర్చున్నాను.